కాటిసీనులో పాడుతున్నది ఎవరు? – ‘శ్మశానవాటి’ పద్యాల వైరాగ్యవ్యాఖ్యపై ఒక అభ్యంతరం

పద్యనాటకాభిమానుల మధ్య ‘కాటిసీను’ అంటే చాలు, నాటకం పేరు వేరే చెప్పనక్కరలేదు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి (1881–1953) హరిశ్చంద్ర నాటకంలో, రాజ్యం పోగొట్టుకొని, ఆలిని బిడ్డను అమ్ముకొని, చివరకు తానూ వీరబాహుకు అమ్ముడుపోయిన హరిశ్చంద్రుడు కాశీ శ్మశానానికి కావలి కాస్తూ ఒంటరిగా పాడే రంగం అది. అయితే ఆ రంగానికి అంతటి పేరు తెచ్చిన పద్యాల్లో ముఖ్యమైనవి బలిజేపల్లివి కావు. గుర్రం జాషువా (1895–1971) ‘శ్మశానవాటి’ ఖండికలోనివి. నాటకంలో పాత్ర కోసం పుట్టిన పద్యాలు కావవి. నటులు ఖండకావ్యం నుంచి తెచ్చుకొని పాడారు, జనం మెచ్చి మళ్లీ పాడించుకున్నారు, క్రమంగా అవి నాటకంలో కలిసిపోయాయి. ఈనాటికీ వాటిని బలిజేపల్లి పద్యాలుగానే ఎరిగిన శ్రోతలు ఎందరో ఉన్నారు.

కర్తృత్వం సంగతి తెలుగు శాఖల్లో అందరికీ తెలిసిందే. దాని మీద నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నా అభ్యంతరం అర్థం గురించి. పద్యాలను జాషువాకు తిరిగి ఇచ్చాం గాని, వాటి అర్థాన్ని మాత్రం హరిశ్చంద్రుడి దగ్గరే ఉంచేశాం. ‘శ్మశానవాటి’ని తరగతిలో చెప్పినా, పరీక్షలో అడిగినా, సదస్సులో ప్రస్తావించినా మనకు వినబడే వాక్యం ఒకటే: మరణం ముందు రాజూ పేదా సమానులే, జీవితం బుద్బుదప్రాయం, ఇది కవి తాత్త్విక దృష్టికి నిదర్శనం. దీనికి ‘శ్మశానవైరాగ్యం’ అని పేరు కూడా పెడుతున్నాం. ఆ మాటకు తెలుగులో ఉన్న అసలు అర్థం ఏమిటో ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. పురాణవైరాగ్యం, ప్రసూతివైరాగ్యం, శ్మశానవైరాగ్యం అని మన పెద్దలు కలిపి చెప్పినప్పుడు వాళ్లు ఎగతాళి చేస్తున్నారు; స్నానం చేసి ఇంటికి రాగానే దిగిపోయే వైరాగ్యం అని. ఆ పేరును ప్రశంసాపూర్వకంగా జాషువాకు అంటగట్టడంలోని అపహాస్యం మనకు తట్టకపోవడం ఆశ్చర్యమే.

ఈ వ్యాఖ్య పద్యాల్లోంచి పుట్టలేదని, కేవలం పాత్రలోంచి పుట్టిందని నా వాదం. జాషువా ఖండికలో ఉన్నది నిర్వేదం కాదు, అభియోగం. ఆ అభియోగం చచ్చినవాళ్ల మీద కాదు, బతికి ఉన్న ఊరి మీద.

పద్యాల సాక్ష్యం

ముందు సీసపద్యం. వేదిక మీద ఎక్కువ చప్పట్లు పొందే పద్యం ఇదే. ‘ఇచ్చోటనే’ అని నాలుగు పాదాలూ మొదలవుతాయి. నాలుగు పాదాల్లో నలుగురు: మంచి కవి, భూమినేలిన రాజు, లేత ఇల్లాలు, పేరుగన్న చిత్రకారుడు. కవి కలం నిప్పుల్లో కరిగిపోతుంది. రాజు అధికారముద్రలు మాయమవుతాయి. రాజు అధికారముద్రలు మాయమవుతాయి. చిత్రకారుడి కుంచె నశిస్తుంది. ఈ వరుసను మనం గమనించినట్టు కనబడదు. మరణం సమవర్తి అని చెప్పే సంప్రదాయ పద్యాల్లో రాజు ముందు వస్తాడు, లేదా చివర వస్తాడు. రాజు పతనమే అక్కడ ఉపదేశం. జాషువా రాజును కవికీ చిత్రకారుడికీ నడుమ, ఎవరికంటే ఎక్కువా తక్కువా కాకుండా నిలబెట్టాడు. మొదట తలుచుకున్నది కవిని. పైగా ఈ నలుగురిలో ముగ్గురికి పోయినవి పనిముట్లూ చిహ్నాలూ: కలం, ముద్రిక, కుంచె. ఇల్లాలికి మాత్రం పోయినది నల్లపూసలు. అంటే పోయినది భర్త. ఆమె బతికే ఉండవచ్చు. తక్కిన మూడు పాదాలూ చనిపోయినవారి గురించి అయితే, ఈ పాదం మిగిలిపోయిన మనిషి గురించి. కవి చూపు మొదటినుంచీ బతికున్నవారి వైపు తిరిగి ఉందనడానికి ఇదొక చిన్న సాక్ష్యం.

ఎత్తుగీతిలో శ్మశానం ఒకమారు శివుడు పిశాచాలతో ఆడే రంగస్థలం అవుతుంది, ఇంకొకమారు మృత్యుదూత ఏలుబడికి బూడిద సింహాసనం అవుతుంది. రంగస్థలం అన్న ఆ రూపకం తర్వాత అక్షరాలా నిజమైపోవడం విచిత్రమైన సంగతి. పద్యం శ్మశానాన్ని నాటకశాల అన్నది. నాటకశాల వచ్చి పద్యాన్ని ఎత్తుకుపోయింది.

ఇక శార్దూలాల దగ్గరకు వద్దాం. ఒక పద్యం, ఏళ్లు ఎన్ని గడిచినా ఇక్కడ కన్నుమూసిన దురదృష్టవంతుడు ఒక్కడూ లేచి రాలేదంటుంది. ఏ తల్లులు ఎంత అల్లాడారో, వాళ్ల కన్నీళ్లకు ఇక్కడి రాళ్లు కాగిపోయాయంటుంది. దుఃఖం ఇందులో నేరుగా ఉంది. నిర్వేదం స్థాయి అయిన శాంతరసంలో ఈ తల్లులకు చోటు లేదు. శాంతరసం వారి ఏడుపును అజ్ఞానమని దాటిపోవాలి. ఇక్కడ కవి దాటిపోలేదు, రాళ్లను సాక్ష్యానికి పిలిచాడు. శోకమే స్థాయి. మన రసచర్చల్లో ఈ ఖండికను శాంతంలో చేర్చేవారు ఈ ఒక్క పద్యాన్ని ఏ లెక్కన దాటిపోతున్నారో చెప్పాలి.

రెండవ శార్దూలం నాకు అన్నిటికంటె ముఖ్యమైనది. ఆకాశం నిండా కారుమబ్బులు, దయ్యాలతో ఆడుకునే గుడ్లగూబలు, నాలుగు దిక్కులా కాకోలాల అరుపులు. గుండె ఝల్లుమంటుంది. ఇంత భయానకాన్ని పేర్చి, ఆకు కూడా కదలని ఆ కాటిలో ‘సౌఖ్యం’ ఎంతగా ఆడుకుంటున్నదో అని ముగుస్తుంది పద్యం. ఈ ‘సౌఖ్యం’ అన్న మాట దగ్గర ఆగని వ్యాఖ్య వ్యాఖ్య కాదు. వైరాగ్యం చెప్పదలచినవాడు శ్మశానాన్ని చూపించి సంసారం మీద రోత పుట్టించాలి. శ్మశానం సుఖంగా ఉందని ఎందుకంటాడు? దీనిని వ్యంగ్యమని తీసిపారేయవచ్చు, కాని ఏ వ్యంగ్యానికైనా పోలిక కావాలి. దేనితో పోల్చి ఈ చోటు సుఖం? దయ్యాలూ గుడ్లగూబలూ ఉన్న చోట హాయి అనిపించాలంటే, మనుషులున్న చోట ఆ మనిషికి ఏం జరిగి ఉండాలి? పద్యం ఆ రెండో చోటును పేరెత్తి చెప్పదు. చెప్పనక్కరలేదు. ‘ఇచట’ అన్నప్పుడల్లా ‘అచట’ ఒకటి వెనక నిలబడే ఉంటుంది.

ఆ ‘అచట’ ఏమిటో మత్తేభం చెబుతుంది. అస్పృశ్యత తిరగడానికి ఇక్కడ తావు లేదని మొదలయ్యే పద్యమది. లోకపు నటననంతా మింగి కడుపులో పెట్టుకొని, పెద్దపులి పక్కన మేకను పడుకోబెట్టి, జోకొట్టి, అభేదభావంతో ఊరడించే చోటుగా శ్మశానాన్ని వర్ణిస్తుంది. ‘అస్పృశ్యత’ అన్న మాటను చూడండి. హరిశ్చంద్రుడి కథ చెప్పిన పూర్వకవుల ప్రపంచంలో చండాలుడు ఉన్నాడు, కాని అస్పృశ్యత అనే భావవాచకం, ఒక సామాజిక దోషానికి పెట్టిన పేరుగా, లేదు. అది ఇరవయ్యో శతాబ్దపు సంస్కరణసభల మాట, వార్తాపత్రికల మాట. త్రేతాయుగపు రాజు నోట అది పలకడం కాలదోషం. నాటకకర్త రాస్తే దోషమయ్యేది. ఖండకావ్యకర్త రాశాడు కనుక అది తేదీ ముద్ర.

పులీ మేకా పక్కపక్కన పడుకోవడాన్ని ఆశ్రమవర్ణనలతో పోల్చి, శాంతిచిహ్నంగా వివరించే అలవాటు మనకుంది. ఆశ్రమాల్లో పులీ లేడీ బతికే ఉంటాయి. ముని తపోమహిమ వల్ల వైరం మరిచిపోతాయి. ఇక్కడ రెండూ చచ్చాయి. పులి చచ్చేదాకా మేకకు దాని పక్కన నిద్ర లేదు. మేక చచ్చేదాకా కూడా. దీనిలో ఓదార్పు ఎవరికి కనిపించిందో గాని, నాకు కనిపించేది చేదు. జోకొట్టడం తల్లి పని. తల్లిలా చూడవలసిన ఊరు చూడలేదు గనుక ఆ పని శవాల దిబ్బ చేస్తోంది.

ఒక వాస్తవం ఇక్కడ చెప్పక తప్పదు. ఈ పద్యాన్ని వర్ణనగా తీసుకుంటే అది అబద్ధం. మన ఊళ్లలో కులానికొక శ్మశానం ఉన్న సంగతి ఎవరికి తెలియదు? మాలమాదిగల బొందలగడ్డ వేరు, ఊరివాళ్ల కాడు వేరు. శవాన్ని మోసుకుపోయే దారి దగ్గర తగవులు నిన్నటివీ నేటివీ. వినుకొండలో, వేర్వేరు కులాల తల్లిదండ్రులకు పుట్టి పెరిగిన జాషువాకు ఇది తెలియదా? తెలిసే అలా రాశాడంటే ఆ వాక్యం వర్ణన కాదు. లేనిదాన్ని ఉన్నట్టు చెప్పి, ఉన్నదాన్ని నిలదీయడం అది. ‘ఇక్కడ అస్పృశ్యత లేదు’ అని కాటి గురించి చెప్పగల ధైర్యం చేసినవాడు, ‘కనీసం ఇక్కడైనా ఉండకూడదు గదా’ అని అడుగుతున్నాడు. మరణం అందరినీ సమానం చేస్తుందనే సూక్తికి ఈ పద్యం ఉదాహరణ కాదు. ఆ సూక్తిని నమ్మే ఊరి ముఖం మీదికి దాన్నే తిప్పికొట్టిన పద్యం ఇది.

ఇంకొక సంగతి. ఖండికలో నిప్పులూ ఉన్నాయి, సమాధీ ఉంది. కవి కలం నిప్పుల్లో కరిగిన ఆ చోటనే, మరో పద్యంలో చిక్కటి చీకట్లో కొత్త సమాధి మీద మినుకుమనే వెలుగు ఉంది. కాల్చేవారి కాడూ పూడ్చేవారి కాడూ ఒకటైన నేల అది. కాశీలో హరిశ్చంద్రుడు కావలి కాసిన దహనఘట్టం కాదు. ఏ ఊళ్లోనూ ఉన్న నేల కూడా కాదు. కవి కల్పించిన ఉమ్మడి నేల.

వేదిక చేసిన పని

ఇప్పుడు ఈ పద్యాలను రాజు నోట పెట్టి చూద్దాం. అతుకు ఎంత చక్కగా కుదిరిందో మొదట ఒప్పుకోవాలి. భూములేలిన రాజు ముద్రికలు మాయమయ్యాయన్న పాదం పాడేవాడు స్వయంగా చక్రవర్తి. ఇల్లాలి నల్లపూసల మాట వచ్చిన కొద్దిసేపటికే చంద్రమతి వస్తుంది. ఆమె మంగళసూత్రం భర్తకు తప్ప మరెవరి కంటికీ కనబడదన్నది కథలోని కీలకం, దానివల్లనే ఆమెను హరిశ్చంద్రుడు గుర్తిస్తాడు. తల్లుల కన్నీళ్లకు కాగిన రాళ్ల మాట అవగానే లోహితాస్యుడి శవంతో తల్లే ప్రవేశిస్తుంది. ఇంత పొందిక దొరికినప్పుడు ఏ నటుడు వదులుకుంటాడు? డి.వి. సుబ్బారావు వంటి మహానటుల కంఠంలో ఈ పద్యాలు పండటానికి గానమొక్కటే కారణం కాదు, ఈ పొందిక కూడా కారణం.

కాని పొందికకు చెల్లించిన మూల్యం ఉంది. ‘ఇచ్చోటనే’ అన్నది నిర్దేశవాచకం. పలికేవాడు ఎక్కడ నిలబడితే దాని అర్థం అక్కడ. పుటలో అది కవి నిలబడిన నేల. చదువరి తన ఊరి కాటినే ఊహించుకోక తప్పదు. వేదిక మీద అది కాశీ. కాలం త్రేతాయుగం. ‘అస్పృశ్యత’ కూడా అక్కడికి, అప్పటికి తరలిపోతుంది. తన ఊళ్లో మాలపల్లె దారి మూసినవాడు కూడా ఆ పద్యానికి కన్నీళ్లతో చప్పట్లు కొట్టవచ్చు. అది తన గురించి కాదని అతడికి వేదికే హామీ ఇస్తోంది.

పలికేవాడు మారినందువల్ల మరింత పెద్ద మార్పు జరిగింది. హరిశ్చంద్రుడు శ్మశానంలో ఉన్నది తాత్కాలికంగా. చండాలుడి కొలువు అతడి పరీక్షలో అట్టడుగు మెట్టు. అక్కడినుంచి అతడు తిరిగి సింహాసనానికి వెళతాడని ప్రేక్షకుడికి ముందే తెలుసు. అంతేకాదు, మార్కండేయపురాణంలోనూ క్షేమీశ్వరుడి చండకౌశికంలోనూ రాజును కొన్న చండాలుడు నిజమైన చండాలుడు కాడు, ఆ వేషంలో ఉన్న ధర్ముడు. కథ ఎంత జాగ్రత్తగా తన నాయకుణ్ణి కాపాడుకుందో చూడండి: రాజు చండాలుడికి అమ్ముడుపోయాడు, కాని పోలేదు. అంటరానితనం ఇక్కడ ఒక వేషం, ఆఖరున విప్పేస్తారు. అలాంటి కథలో నిలబడి ‘ఇక్కడ అస్పృశ్యత లేదు’ అంటే, అది పడిపోయిన రాజు తనకు తాను చెప్పుకునే ఓదార్పు. విప్పడానికి వీలులేని వేషంలో పుట్టినవాడు అదే మాట అంటే అర్థం వేరు.

అన్నిటికంటె విచిత్రమైన వైరుధ్యాన్ని మన విమర్శ అసలు పట్టించుకోలేదు. అభేదభావాన్ని కీర్తించిన పద్యాలు పాడిన కొద్దిసేపటికే హరిశ్చంద్రుడు ఏం చేస్తాడు? పిల్లవాడి శవాన్ని తెచ్చిన, చేతిలో కాసు లేని స్త్రీని కాటిసుంకం అడుగుతాడు. సుంకం కట్టందే దహనానికి వీలులేదంటాడు. సత్యనిష్ఠ కోసమే కావచ్చు, యజమాని ఆజ్ఞే కావచ్చు. కాని ఆ కాటిలో ఉన్నవాడికీ లేనివాడికీ భేదం ఉందని నాటకవస్తువే చెబుతోంది. పద్యం ఏది లేదన్నదో, దాన్ని అదే నటుడు అదే రంగంలో అమలు చేస్తాడు. ఈ నాటకమంతటికీ గుండెకాయ ఆ కాటిసుంకం ఘట్టం. వైరాగ్యవ్యాఖ్య వినిపించేవారు పద్యాన్నీ ఘట్టాన్నీ విడివిడిగా మెచ్చుకుంటారు గాని రెండూ ఒకదాన్నొకటి కాదంటున్నాయని గమనించరు.

గమనిస్తే ఈ ప్రక్షేపం స్వభావమే మనకు మారి కనిపిస్తుంది. ఇన్నాళ్లూ జాషువా పద్యాలను నాటకానికి తొడిగిన నగగా చూశాం. నిజానికి అవి ఆతిథ్యమిచ్చిన నాటకంతోనే తగవు పడుతున్న పద్యాలు. చండాలుడి కొలువు మనిషి పడగలిగిన అట్టడుగు అని నాటకం అంటుంది. ధర్మం ఉన్న చోటు అదొక్కటే అని పద్యం అంటుంది. కాటికీ సుంకం ఉందని నాటకం అంటుంది. ఉండకూడదని పద్యం అంటుంది. ఈ తగవును తీర్చకుండా వినడమే సరైన పఠనం.

అభ్యంతరాలు

నాకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం ఆదానవిమర్శ వైపునుంచి వస్తుంది. ఇన్ని దశాబ్దాలుగా లక్షలాది ప్రేక్షకులు ఈ పద్యాలను హరిశ్చంద్రుడి వేదాంతంగానే విన్నారు, అదే వాటి సామాజికార్థం, పుటలోని అర్థాన్ని తవ్వి తీయడం ఎందుకు అని. ప్రేక్షకులు ఏం విన్నారో మనకు అంత తేలికగా తెలుసా? ‘ప్రేక్షకులు’ అన్న మాటలో ఎవరెవరిని కలిపేస్తున్నాం? ముందువరసలో కుర్చీల మీద కూర్చున్నవాడూ, వెనక చాపైనా లేక నిలబడి చూసినవాడూ మత్తేభాన్ని ఒకేలా విన్నారని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. పైగా కాటిసీను ప్రదర్శనపద్ధతే ఆ ఏకార్థాన్ని చెడగొడుతుంది. వన్స్‌మోర్ కొట్టగానే కథ ఆగిపోతుంది. హార్మోనియం మళ్లీ శ్రుతి పట్టుకుంటుంది, నటుడు ముందుకు వస్తాడు. ఆ రెండోసారి పాడుతున్నది హరిశ్చంద్రుడు కాదు. పాత్ర పక్కకు తప్పుకుంది. అప్పుడు వినబడేది ఎవరి గొంతు అన్న ప్రశ్నను ఆదానవిమర్శకులే ముందుగా వేసుకోవాలి. వైరాగ్యవ్యాఖ్యకు ప్రేక్షకుల్ని సాక్ష్యంగా తేవడం, అడగకుండా వాళ్ల పేర సంతకం పెట్టడమే.

రెండవ అభ్యంతరం నాకు దగ్గరివాళ్ల నుంచే వస్తుంది. దళితసాహిత్య విమర్శలో కొందరు ‘శ్మశానవాటి’ని పక్కన పెడతారు. ‘గబ్బిలం’ ఉండగా ఇదెందుకు, ఇది అందరినీ మెప్పించే మెత్తని పద్యం అన్నది వారి భావం. వైరాగ్యవాదులూ వీరూ పరస్పరం విరోధులే గాని, ఇద్దరూ చదివింది ఒకే పాఠాన్ని. వేదిక మీది పాఠాన్ని. వీరు తిరస్కరించేది కూడా హరిశ్చంద్రుడు పాడిన పద్యాన్నే. ‘గబ్బిలం’ 1941లో వచ్చింది. అందులో అంటరాని నాయకుడు తన గోడును కాశీ విశ్వనాథుడికి గబ్బిలం చేత పంపుకుంటాడు. గుడిలోకి అతడు పోలేడు, గబ్బిలం పోగలదు. అదే కవి శ్మశానపద్యాలను నాటకం ఎక్కడికి తీసుకుపోయింది? కాశీకే. ఎవరి నోట? రాజు నోట. జాషువా నాయకుడు వెళ్లలేని కాశీకి జాషువా పద్యాలు చక్రవర్తి చీటీ మీద వెళ్లాయి. ఈ రెండు కాశీల మధ్య ఉన్న దూరాన్ని కొలవకుండా ఒక కావ్యాన్ని ఎత్తుకొని ఒక ఖండికను వదిలేయడం దళితవిమర్శకే నష్టం.

మూడవది గ్రే ప్రస్తావన. థామస్ గ్రే 1751లో ప్రచురించిన గ్రామశ్మశాన విషాదగీతంతో పోల్చి, ఆంగ్ల స్మృతికావ్య సంప్రదాయంలో ‘శ్మశానవాటి’ని సర్దేయడం మరొక అలవాటు. ప్రభావచర్చలోకి నేను పోను. తేడా ఒక్కటి చెప్పి వదిలేస్తాను. గ్రే శ్మశానంలో పడుకున్నవారు ప్రతిభ ఉండీ అవకాశం దొరకని పల్లెజనం. వారు కవులు కాగలిగేవారేమో అని కవి విచారిస్తాడు. జాషువా శ్మశానం కవి అయినవాడితో మొదలవుతుంది. చదువు రాకపోవడం ఇతడి ఫిర్యాదు కాదు. చదువు వచ్చి, కవి అయి, మెప్పు పొంది, అయినా పులి పక్కన మేక అవస్థ తప్పనివాడి ఫిర్యాదు ఇది.

ఇక చేయవలసిన పని చాలా మామూలుది. పద్యనాటకాల పాఠపరిష్కరణలో మనం ఇప్పటికీ ముద్రితప్రతిని ఒకటిగా, ప్రదర్శనప్రతిని అశాస్త్రీయమైన దానిగా చూస్తున్నాం. అందువల్ల జాషువా పద్యాలు రెండు చోట్లా అనాథలవుతున్నాయి: నాటకప్రతిలో లేవు గనుక నాటకవిమర్శకుడు మాట్లాడడు, వేదిక మీద ఉన్నాయి గనుక కావ్యవిమర్శకుడు వేదికను పట్టించుకోడు. హరిశ్చంద్ర నాటకానికి ఒక ప్రదర్శనపాఠ పరిష్కరణ రావాలి. పాత గ్రామఫోను రికార్డులు, క్యాసెట్లు, నటుల చేతిరాత పుస్తకాలు దొరికినంతమేర సేకరించి, ఏ సమాజం ఏ పద్యాన్ని ఎక్కడ చేర్చింది, ఏది వదిలింది, ఏ పాదాన్ని మార్చింది అన్నది పట్టికగా వేయాలి. ముఖ్యంగా మత్తేభం సంగతి తేల్చాలి. సీసాన్నీ శార్దూలాలనూ ఎంచుకొని అస్పృశ్యతపద్యాన్ని వదిలేసిన ప్రదర్శనలు ఉన్నాయా, ఉంటే ఎక్కడెక్కడ, ఎవరి ముందు? రాత్రి పొద్దుపోయిందని వదిలారా, మరే కారణమైనా ఉందా? వైరాగ్యమే ఈ ఖండిక సారమైతే, ఆ ఒక్క పద్యాన్ని వదలడానికి ఎవరికీ ఏ కారణమూ ఉండకూడదు. ఆ పట్టికలో వైరాగ్యవ్యాఖ్యకు అనుకూలమైన లెక్క వస్తే నా వాదాన్ని ఖండించడానికి అది పనికివస్తుంది.

అంతవరకు, కనీసం ప్రశ్నపత్రాల్లో ‘శ్మశానవాటిలోని తాత్త్వికతను వివరించండి’ అన్న ప్రశ్నను ఆపవచ్చు. విద్యార్థి ఖండిక చదవకుండానే జవాబు రాయగలిగిన ప్రశ్న అది; కాటిసీను ఒకసారి విని ఉంటే చాలు. దాని బదులు, శ్మశానంలో ‘సౌఖ్యం’ ఎందుకుందని కవి అన్నాడో అడగాలి.